మద్రాసు ట్రైనింగు, పలమనేరు పాలు

ఇప్పటి పిల్లలు ఇంటర్న్‌షిప్ అని ముద్దుగా పిలుచుకునేదాన్ని మేము చదువుకునే కాలంలో ట్రైనింగు అనేవాళ్ళం. పేరు మారిందే గానీ బాధ అదే. తిరుపతిలో పాలిటెక్నిక్ చదివే ఆ రోజుల్లో, మెకానికల్ వాళ్ళు రెండో ఏడాది వేసవిలో ఏదో ఒక కార్ఖానాలో పనిచేసి, పనిచేసినట్టు సర్టిఫికెట్టు తెచ్చుకోవాలి. తేకపోతే డిప్లొమా చేతికి రాదు. మరి ఆ కార్ఖానాను ఎవరు చూపిస్తారంటే, ఎవరూ చూపించరు. మా వర్క్‌షాపు సారును అడిగితే "నోరుండాది గదప్పా, పోయి అడగండి" అని, వక్కపొడిని ఈ దవడ నుంచి ఆ దవడకు మార్చుకునేవాడు. నోరు నాకూ ఉంది. హాస్టల్ మెస్సులో అది భేషుగ్గా పనిచేసేది. కొత్త మనిషి ఎదురుపడితే మాత్రం దానికి తాళం పడేది. అమ్మాయిల సంగతి కాదు నేను చెప్పేది, పోస్టాఫీసులో స్టాంపు అడగడానికి కూడా నా ముందు ఇంకెవరైనా నిలబడితే బాగుండుననుకునే రకం నేను.

మాది చిత్తూరు. నాయనకు బెల్లం మండీ ఉండేది గనుక హాస్టల్లో నా పేరు బెల్లం. నా గదిలో ఉండేవాడిది పలమనేరు. అది చల్లటి ఊరు కదా, తిరుపతీ అంతేననుకుని, కొడుకు చలికి ఎక్కడ వణికిపోతాడోనని వాళ్ళమ్మ మొదటి ఏడాది అతని పెట్టెలో ఊలు స్వెట్టరు పెట్టి పంపింది. తిరుపతి ఎండకు దాన్ని తొడుక్కునే అవసరం అతనికి ఒక్కనాడూ రాలేదు గానీ, పెట్టె తెరిచిన పూటే అసలు పేరు పోయి స్వెట్టరు అన్న పేరు మిగిలింది. మనిషి మంచివాడు. అదే అసలు ఇబ్బంది. చెడ్డవాడైతే హాయిగా తిట్టుకుని నిద్రపోయేవాణ్ణి. అతని డ్రాయింగు షీటు మీద గీతలు అచ్చువేసినట్టుండేవి, నా షీటు మీద రబ్బరు నడిచిన దారి తప్ప ఇంకేమీ కనిపించేది కాదు. మెస్సులో వడ్డించే అన్న అతని పళ్ళెంలో గరిటెడు సాంబారు వేసి, అందులో మునక్కాయ ముక్క పడిందో లేదో వంగి చూసేవాడు. నా పళ్ళేనికి వచ్చేసరికి ఆ అన్న చూపు కిటికీలోంచి బయటకు పోయేది. (మునక్కాయ మీద నాకంత ప్రీతి లేదు. అయినా లెక్క లెక్కే కదా.)

అలాంటి స్వెట్టరు ఒక సాయంత్రం గదిలోకి వచ్చి, చొక్కా విప్పి మేకుకు తగిలిస్తూ, ఏదో మామూలు సంగతి చెప్పినట్టు అన్నాడు. "బెల్లం, నాకు మద్రాసులో దొరికిందిరా. మోటారు సామాన్లు చేసే కంపెనీ."

నేను మంచం మీద లేచి కూర్చున్నాను. మద్రాసు! మా క్లాసులో అప్పటికి ఎవరికీ ఏమీ దొరకలేదు. దొరికితే రేణిగుంటలో ఏ లారీ షెడ్డో, శ్రీకాళహస్తిలో ఏ రైసు మిల్లో అనుకుంటున్నాం. అక్కడ పనితనం నచ్చితే చదువయ్యాక ఉద్యోగంలోకే తీసుకుంటారని కూడా అన్నాడు. "ఎట్ల దొరికిందిరా?" అన్నాను, గొంతులో వీలైనంత సంతోషం పోసి. "మామ ఒకాయన ఉండాడులే, ఆయన పుణ్యం" అని నవ్వి, తువ్వాలు భుజాన వేసుకుని కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు.

ఆ మామ లేకపోతే ఆ నెల నేను బతికేవాణ్ణి కాదు. మంచినీళ్ళు తాగినట్టు ఆ మాటను రోజుకు పదిసార్లు తాగాను. మామ ఉన్నాడు కాబట్టి దొరికింది, మాకు మామలు లేరు కాబట్టి దొరకలేదు, అంతే. ఆ మామ ఎలా ఉంటాడో కూడా ఊహించేశాను. తెల్ల ప్యాంటు, బంగారు ఫ్రేము కళ్ళద్దాలు, కారు దిగుతుంటే జవాన్లు సలాము కొడతారు. వర్క్‌షాపులో ఆకురాయితో ఇనుమును రాస్తూ రాస్తూ ఆ మామనే రాస్తున్నట్టు రాసేవాణ్ణి. "ఏమప్పా, ఇనుప ముక్కంతా రజను చేసేస్తావా?" అని సారు అరిచాడొకసారి.

మనకూ ఒక మామ కావాలి అనుకుని శనివారం చిత్తూరు బస్సెక్కాను. నాయన మండీలో బెల్లం అచ్చులను వేలితో మీటి చూస్తున్నాడు. ట్రైనింగు సంగతి చెప్పాను.

"జీతమెంత ఇస్తారు?" అన్నాడు.

"జీతం ఉండదు నాయనా. పని నేర్చుకోవడానికి."

"అంటే వాళ్ళకు ఊరికే పనిజేసి పెట్టాలనా?"

"అంతే నాయనా."

"దానికి నువ్వు పోయి వాళ్ళను బతిమాలుకోవల్ల?"

"అవును."

నాయన చేతిలోని బెల్లం అచ్చును పక్కన పెట్టాడు. "ఊరికే పని జెయ్యాలంటే మన మండీ ఉండాది గదరా. ఎవుర్నీ బతిమాలబన్లే. రేపట్నించి రా" అన్నాడు. పక్కన కూర్చున్న హమాలీలు నవ్వారు. ఈ దేశంలో ట్రైనింగు అన్న వ్యవహారాన్ని అంత సూటిగా ప్రశ్నించిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

అమ్మ జోక్యం చేసుకుని గూడూరులో ఉన్న చిన్నాయన దగ్గరికి పంపింది. చిన్నాయనది నిమ్మకాయల వ్యాపారం. గూడూరు జంక్షనులో ఆగే ప్రతి రైలు డ్రైవరూ తనను పేరుపెట్టి పిలుస్తాడని పెళ్ళిళ్ళలో చెప్పేవాడు. "రైల్వేలో ట్రైనింగేనా? అదేం బెమ్మాండం? ఒక్క మాట అంటే చాలు" అని నన్ను స్టేషనుకు తీసుకుపోయాడు. ఆ ఒక్క మాట ఎవరితో అనాలో ఆయనకే తెలియదని ప్లాట్‌ఫారం చివరికి చేరాక గానీ నాకు అర్థం కాలేదు. టీ కొట్టాయన ఒక్కడే ఆయన్ను పేరు పెట్టి పిలిచాడు, అదీ పాత బాకీ అడగడానికి. వట్టి చేతులతో పంపడం ఇష్టం లేక చిన్నాయన నాకొక గోతాం నిమ్మకాయలు ఇచ్చి రైలెక్కించాడు. హాస్టలంతా ఆ నిమ్మకాయ నీళ్ళు తాగి నన్ను పొగిడింది. స్వెట్టరు కూడా రెండు గ్లాసులు తాగి, "బెల్లం చేతిలో నిమ్మకాయ, ఇంగ పానకమే గదరా" అన్నాడు. అందరూ నవ్వారు. మద్రాసు వెళ్ళేవాడి హాస్యానికి ఎప్పుడూ నవ్వుతారు.

చివరికి నా మామ బెల్లం మండీలోనే దొరికాడు. నాయన దగ్గర బెల్లం కొనే పలమనేరు హోటలాయన ఒకరు, వాళ్ళ ఊళ్ళో పాలు చల్లబరిచే డైరీ ఉందని, అక్కడి ఇంజనీరు రోజూ తన హోటల్లోనే దోసె తింటాడని చెప్పాడు. దోసె బలం గొప్పది. వారంలోగా నాకు ట్రైనింగు ఖాయమైంది. క్లాసులో ఈ సంగతి చెబితే వెనక బెంచీ నుంచి ఎవరో "అంబా" అన్నారు. స్వెట్టరు ఒక్కడే ఎగిరి గంతేశాడు. "మా ఊరికా! ఇంగ లాడ్జీ ఎందుకు రా నీకు? మా ఇంట్లో ఉండు. నా మంచం ఖాళీనే గదా, నేను మద్రాసులో ఉంటాను గదా!"

ఆ చివరి మాట అనకపోయి ఉంటే ఎంత బాగుండేది!

అలా, ఆ వేసవిలో పలమనేరువాడు మద్రాసుకూ, చిత్తూరువాడు పలమనేరుకూ చేరాం. స్వెట్టరు ఇల్లు బెంగుళూరు రోడ్డుకు కొంచెం లోపల, ముందర ఆవుల కొట్టం. నేను అతని మంచం మీద పడుకున్నాను, అతని సైకిలు తొక్కాను, అతను కూర్చునే పీట మీద కూర్చుని వాళ్ళమ్మ పెట్టిన సంకటీ ఊరిబిండీ తిన్నాను. ఊరిబిండి అనే ఆ వేరుశనగల పచ్చడి నేను చిన్నప్పటి నుంచీ తింటున్నదే. కానీ ఆమె రోటిలో నూరినది తిన్నాక మా ఇంట్లో ఇన్నాళ్ళూ నాకు పెట్టింది ఏమిటా అని అనుమానం వచ్చింది. (ఈ మాట మా అమ్మకు చివరిదాకా చెప్పలేదు.) ప్రతి ముద్దకూ ఆ తల్లి "మావోడు ఆడ ఏం తింటా ఉండాడో" అని నిట్టూర్చేది. మద్రాసులో ఉండి కూడా వాడు నా పళ్ళెంలోకి వస్తూనే ఉన్నాడు.

ఒక మధ్యాహ్నం ఆమె మజ్జిగ చిలుకుతుంటే నేనే కదిలించాను. "ఏం భయంలేదులే అమ్మా, వాళ్ళ మామ ఉండారు గదా ఆడ, చూసుకుంటారు."

ఆమె కవ్వం ఆపింది. "యా మామ?"

"అదే, మీ తమ్ముడో అన్నో. కంపెనీలో చోటు ఇప్పించినాయన."

"నాకు తమ్ముడు యాడుండాడు నాయనా? మేమంతా ఆడపిల్లోళ్ళమే గదా! మా నాయనకు మొగబిడ్డ లేడనే దిగులే పోలేదు." ఆమె నవ్వుతూ మళ్ళీ కవ్వం తిప్పింది. "మద్రాసులో మాకు కాకి గూడా తెలీదు. వాడే పోయి అడిగినాడు. సెలవొస్తే సాలు, రైలెక్కేది. ఆడంతా కంపెనీలే కంపెనీలంట, గేటు గేటుకూ పోయి నిలబడేది. పొమ్మంటే పక్క గేటుకు పోయేది. సెప్పు తెగిపోతే చేత పట్టుకొని తిరిగినాడంట సూడు! కడాకు ఒక కంపెనీ కాడ వాచుమేను ముసిలాయనను మామా మామా అని పిలిచి, ఆయనకు టీ ఇప్పించి, లోపల ఎవుర్ని అడగాలో కనుక్కొని, పోయి అడిగినాడు. ఆ వాచుమేనే వాడి మామ!"

ఆ క్షణంలో నాకేమైందో ఇన్నేళ్ళ తర్వాత కూడా సరిగ్గా చెప్పలేను. నా తెల్ల ప్యాంటు మామ, బంగారు కళ్ళద్దాల మామ, నన్ను ఇన్నాళ్ళూ పోషించిన మామ, మజ్జిగ కుండలో మునిగిపోయాడు. స్వెట్టరు సిఫారసుతో పోలేదని తేలింది కాబట్టి నా అసూయ చల్లారాలి కదా? చల్లారలేదు. భగ్గుమంది. సిఫారసుతో పోయినవాడి మీద పడే అసూయలో ఒక సౌఖ్యం ఉంటుంది, మన తప్పేమీ ఉండదు. తెగిన చెప్పు చేత్తో పట్టుకుని గేటు గేటుకూ తిరిగినవాడి మీద అసూయపడితే ఆనుకోవడానికి గోడ కూడా దొరకదు. అదే రైలు తిరుపతి నుంచి నాకూ ఉంది. ఆ సెలవులు నాకూ ఇచ్చారు. నేను ఆ సెలవుల్లో మంచం మీద పడుకుని, వాడు ఎక్కడికి తిరుగుతున్నాడా అని విసుక్కున్నాను. ఆ పూట మజ్జిగ రెండు గ్లాసులు తాగినా కడుపులో మంట తగ్గలేదు.

దాంతో డైరీలో పని మీద కసిగా పడ్డాను. అంతవరకు నేను అక్కడ చేసిందల్లా పాల క్యాన్లు వచ్చే దారికి అడ్డం లేకుండా నిలబడటమే. ఆ వారంలో ఎండలు ముదిరాయి, పాలను చల్లబరిచే కంప్రెసరు మొరాయించింది. చుట్టుపక్కల పల్లెల నుంచి పాలు వస్తూనే ఉన్నాయి. సాయంత్రంలోగా కంప్రెసరు తిరగకపోతే అన్నీ విరిగిపోతాయి. పల్లెల్లో ఎవరూ ఆ పూట పాల డబ్బు చూడరు. హెడ్ మెకానిక్కుకు తోడుండే మనిషి పెళ్ళికని ఊరెళ్ళాడు. ఇంజనీరుగారు అటూ ఇటూ చూసి, నన్ను చూసి, ఇంకెవరైనా ఉన్నారేమోనని మళ్ళీ అటూ ఇటూ చూసి, "రా అబ్బాయ్" అన్నారు.

చల్లదనం కోసం అందులో నింపే అమ్మోనియా ఘాటుకు కళ్ళ వెంట నీళ్ళు కారుతుండగా బోల్టులు విప్పాను. వాల్వు ప్లేట్లు బయటికి తీసి, గ్రైండింగు పేస్టు రాసి, అద్దం మీద పెట్టి, మచ్చ పోయేదాకా గుండ్రంగా రుద్దాను. "నిమ్మలంగా రుద్దప్పా, దోసె పిండి కాదు" అని మెకానిక్కు అంటూనే ఉన్నాడు. బిగించాక స్విచ్చు వేశారు. కంప్రెసరు ఒకసారి దగ్గి, రెండోసారి మూలిగి, మూడోసారి దారిన పడింది. గొట్టాల మీద మెల్లగా మంచు పట్టడం మొదలైంది. ఇంజనీరుగారు ఆ మంచును వేలితో గీసి, ఆ వేలును నా నుదుటికి పెళ్ళికొడుక్కి బొట్టు పెట్టినట్టు రాశారు. సైకిలు మీద ఇంటికి వస్తుంటే నాకు కాళ్ళు పెడళ్ళ మీద ఆనలేదు.

మరుసటి రోజు ఆదివారం. స్వెట్టరు చెప్పాపెట్టకుండా మద్రాసు నుంచి దిగాడు. బాగా చిక్కిపోయాడు. పీట మీద నేను కూర్చుని ఉంటే వాడు గోడకు ఆనుకుని చాప మీద కూర్చున్నాడు. వాళ్ళమ్మ వేడి వేడి సంకటి ముద్ద తెచ్చి నేరుగా నా పళ్ళెంలో పెట్టింది.

"అమ్మా, నేనూ వచ్చినా" అన్నాడు స్వెట్టరు.

"నువ్వు ఇంటోడివి, రోంత తాళు. ఈ బిడ్డ నిన్న కంప్రెసరు విప్పి, ఊరి పాలంతా కాపాడినాడు. చేతులు సూడు ఎట్ల బొబ్బలెక్కినాయో!"

స్వెట్టరు మొహంలో ఒక మార్పు వచ్చింది. ఆ మార్పును నేను వెంటనే గుర్తుపట్టాను. రోజూ అద్దంలో చూసుకునే మొహమే కదా. "కంప్రెసరు విప్పినావా? నువ్వే? నీ చేతుల్తో?" అన్నాడు. అవునన్నాను, ముద్దను నిదానంగా ఊరిబిండిలో అద్దుకుంటూ. అప్పుడు వాడు తన గోడు వెళ్ళబోసుకున్నాడు. మద్రాసు కంపెనీ చాలా పెద్దదట, నేల మీద పసుపు గీత గీసి ఉంటుందట, ట్రైనింగుకు వచ్చినవాళ్ళు ఆ గీతకు ఇవతల నిలబడి చూడాలట. "సూడు, ముట్టుకోవద్దు. పొద్దున పోయినకాన్నించి సాయంత్రందాకా అదే మాట. ఒక్క నట్టు తిప్పలేదురా బెల్లం నేను. ఒక్క నట్టు!"

అసూయకు అటువైపు కూర్చోవడం ఇంత హాయిగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. ఆ సాయంత్రం వాణ్ణి డైరీకి తీసుకెళ్ళి, మెకానిక్కు అనుమతితో కంప్రెసరు చూపించాను. వాడు దాని మీద చెయ్యి వేసి, గుడిలో దణ్ణం పెట్టుకునేవాడిలా నిలబడిపోయాడు. తిరిగి వచ్చేటప్పుడు, చీకటి పడకముందే ధైర్యం తెచ్చుకుని అడిగాను. "అది సరేగానీ, ఆ గేట్ల కాడ నోరు ఎట్ల తెరిచినావురా? పొమ్మంటారని భయం వెయ్యలేదా?"

"పొమ్మంటారు" అన్నాడు వాడు ఆశ్చర్యంగా. "పొమ్మంటే పోతాం. అంతే గదా. కొట్టరు గదా!"

ఇంతేనా అనిపించింది. ఇంత చిన్న మాట నాకు ఎవరూ ఎందుకు చెప్పలేదు? చెప్పినా నేను వినేవాణ్ణా?

సెలవులయ్యాక ట్రైనింగు మీద మౌఖిక పరీక్ష పెట్టారు. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు స్వెట్టరు సర్టిఫికెట్టు మీద మద్రాసు పేరు చూసి కుర్చీలో నిటారుగా కూర్చుని, చాలాసేపు మాట్లాడి, సంతోషంగా పంపించాడట. తర్వాత నేను వెళ్ళాను. ఆయన నా కాగితం చూసి, "ఓహో, పాల డైరీనా? పాలల్లో నీళ్ళు ఎంత కలపాలో నేర్పించారా?" అని తన హాస్యానికి తనే నవ్వి, "సరే, వెళ్ళు" అన్నాడు. నా నోటికి అలవాటైన తాళం పడింది. నమస్కారం పెట్టి బయటకు వచ్చేశాను.

"ఏం అడిగినారు? వాల్వు ప్లేట్ల గురించి చెప్పినావా?" వరండాలో స్వెట్టరు ఎదురొచ్చాడు. జరిగింది చెప్పాను. వాడి మొహం ఎర్రబడింది. "నీళ్ళ గురించి అడిగి పంపించేసినాడా? నువ్వు చెప్పకుండా వచ్చేసినావా?" అంటూనే నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాక్కుపోయాడు. లోపల ఇంకెవరో పరీక్షలో ఉన్నారు. స్వెట్టరు తలుపు తోశాడు. "సార్, క్షమించాల. వీడు కంప్రెసరు విప్పి బాగుజేసినాడు సార్. మా క్లాసులో ఎవురూ నట్టు గూడా తిప్పలేదు, నేను గూడా. వీణ్ణి అది ఒక్కటి అడగండి సార్."

ఎగ్జామినరు కళ్ళద్దాలు పైకి తోసి స్వెట్టరునూ నన్నూ మార్చి మార్చి చూశాడు. తరిమేస్తాడనే అనుకున్నాను. "ఏం చేశావ్? చెప్పు" అన్నాడు. నేను మొదలుపెట్టాను. మొదటి రెండు వాక్యాలు తడబడ్డాయి. మూడో వాక్యంలో అమ్మోనియా ఘాటు ముక్కుకు తగిలినట్టయింది, ఇక ఆగలేదు. బోర్డు దగ్గరికి పోయి సుద్దముక్కతో వాల్వు బొమ్మ కూడా గీశాను (వంకరగానే). ఆయన మధ్యలో రెండు ప్రశ్నలు వేసి, నా కాగితం మళ్ళీ ముందుకు లాక్కుని ఏదో దిద్దాడు. ఆ పరీక్షలో నాకు మంచి మార్కులు వచ్చాయి. స్వెట్టరు కంటే ఒకటో రెండో తక్కువే అనుకోండి.

చదువయ్యాక వాణ్ణి ఆ మద్రాసు కంపెనీయే తీసుకుంది, గీతకు అటువైపు. నేను డైరీల్లోనే బతికాను, పలమనేరులోనూ ఇంకా చాలా ఊళ్ళలోనూ. నా దగ్గరికి ట్రైనింగుకు వచ్చిన పిల్లల చేతికి మొదటి రోజే స్పానరు ఇచ్చేవాణ్ణి. గేటు దగ్గర నిలబడి నసుగుతున్న కుర్రాడెవరైనా కనిపిస్తే నేనే బయటికి పోయి "ఏం కావల్లప్పా?" అనేవాణ్ణి. స్వెట్టరూ నేనూ ఇప్పటికీ కలుస్తుంటాం. వాడికి చక్కెర జబ్బు వచ్చింది, నాకు రాలేదు. ఈ ఒక్క విషయంలో నేను ముందున్నానని ఇంట్లో అంటే, నా భార్య తల పట్టుకుంటుంది.

ఆనాటి నన్ను తలుచుకుంటే మాత్రం, పరీక్ష అయిపోయి వరండాలో నిలబడ్డ ఆ సన్నటి కుర్రాడే కళ్ళ ముందుకొస్తాడు. పక్కవాడు తనకు చేసిన మేలుకు అతని చెయ్యి పట్టుకుని వదలడం లేదు. అదే సమయంలో లోపల, అయ్యో, ఆ తలుపు తోసే చెయ్యి నాకెందుకు లేదురా భగవంతుడా అని కుళ్ళుకుంటూనే ఉన్నాడు. వాడి భుజం మీద చెయ్యి వేసి, కాలేజీ ఎదురుగా ఉన్న కొట్టులో టీ ఇప్పించాలనిపిస్తుంది. ఇప్పిస్తే తాగుతాడు, పాపం. తాగుతూ తాగుతూ, పక్కవాడి గ్లాసులో నురగ తనకంటే ఎక్కువుందేమోనని ఓరగా చూస్తాడు.